మా అమ్మ కొంటుందిలే

మా చిన్నాడి బళ్ళో ఈ జూన్‌లో తోట పెట్టారు. ఏడో తరగతి పిల్లలు ముప్ఫైమంది, ఆరు జట్లు, జట్టుకో మడి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేశారు. శనివారాలు సాయానికి రమ్మంటే నేనూ వెళ్తున్నాను. ఉన్న సామానల్లా కలుపు తీసే తొలికలు ఆరు, పారలు రెండు, నీళ్ళ డబ్బాలు నాలుగు. అన్నీ అందరివీ.

గంట కొట్టగానే పిల్లలు ఎక్కడివక్కడ పడేసి పరుగు తీసేవారు. వెనకాల నేను ఏరి, కడిగి, గదిలో పెట్టేదాన్ని. ఇంట్లో చేసే పనేగా అనుకున్నాను. జూలైలో ఒకసారి లెక్కపెడితే తొలికలు అయిదే ఉన్నాయి. ఎవర్నీ అడగలేదు. బజారుకెళ్ళినప్పుడు ఒకటి కొని, చప్పుడు చేయకుండా పెట్టేశాను.

రెండు వారాలకి మరొకటి కనబడలేదు. "వెతుకుదాం రండర్రా" అని ఒక పాప అంటుంటే మావాడు తాపీగా "ఎందుకూ, మా అమ్మ కొంటుందిలే" అన్నాడు.

ఆ మాట నాకు చురుక్కుమంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా అమ్మమ్మ అంటూండేది. దాన్ని పుచ్చిపోనిచ్చింది పిల్లలు కాదు, నేనే.

టీచరుగారితో మాట్లాడి ఈసారి కొనలేదు. అయిదు తొలికలు, ఆరు జట్లు. ఒక జట్టు చేత్తోనే కలుపు పీకాల్సి వచ్చింది. గదిలో గోడమీద ఒక్కో పనిముట్టు ఆకారం సుద్దతో గీయించాం. ఏది రాలేదో ఖాళీ బొమ్మే చెప్తుంది. వారానికో జట్టు లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. గంటకి పది నిమిషాల ముందే పని ఆపి, మట్టి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, నూనె గుడ్డ రాయాలి. తడిమట్టి అంటుకుని ఉంటే ఇనుము తుప్పు పడుతుందని చెప్తే వినలేదు గానీ, ఒకదాన్ని చూపిస్తే విన్నారు. విరిగితే వచ్చి చెప్పండి, తిట్టం అని కూడా మాటిచ్చాం.

పోయినది మూడో వారం గోరుచిక్కుడు మడి గట్టు పక్కన, గడ్డిలో దొరికింది. వానకి తుప్పెక్కింది. పిడికి చెద పట్టింది. అందరూ గుమిగూడి చూస్తుంటే మావాడు తల దించుకుని "నేనే పెట్టి మర్చిపోయాను" అన్నాడు. "పోనీలే నాన్నా" అన్నమాట నా నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. వాడివంక చూడ్డం కూడా కష్టమైంది.

ఇటుకముక్కతో తుప్పు వాడే గీకాడు. పిడి వేయించేదాకా వాళ్ళ జట్టు తొలిక లేకుండానే పనిచేసింది. మిగతావాళ్ళు సణిగారు, వాడు పడ్డాడు.

అంతా మారిపోయిందని చెప్పను. మొన్న ఒక నీళ్ళ డబ్బా మూత పోయింది. కాకపోతే ఈసారి నాకంటే ముందు వాళ్ళే వెతకడం మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం కత్తెర ఎక్కడుందని ఇప్పటికీ నన్నే అడుగుతున్నారు. ఇక వంటింటి గోడమీద కూడా బొమ్మలు గీయాలేమో!