మ్యాపు పట్టుకుని మైపాడుకి!

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఈసారి మాత్రం చేతిలో డెబ్భై ఏళ్లనాటి మ్యాపు ఉంది. అది దొరికింది నెల్లూరులో కాదు... అమెరికాలో!

టెక్సాస్ విశ్వవిద్యాలయానికి ఆస్టిన్‌లో పెర్రీ కాస్టనెడా గ్రంథాలయం ఉంది. అక్కడి పాత మ్యాపులను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 1950ల్లో అమెరికా సైన్యం ముద్రించిన మనదేశపు మ్యాపులూ అందులో ఉన్నాయి. మన తీరాన్ని చూడ్డానికి అంతదూరం వెళ్లాలా అంటారా? రక్షణ కారణాలతో తీరప్రాంతాల వివరమైన మ్యాపులు చాలాకాలం మనకి అందుబాటులో లేవు మరి. 2005 నాటి విధానం, 2021 మార్గదర్శకాల తర్వాత ఆ పట్టు సడలింది.

ఈ మ్యాపులో ఒక సెంటీమీటరంటే నేలమీద రెండున్నర కిలోమీటర్లు. నెల్లూరు నుంచి మైపాడు అటూఇటుగా బెత్తెడు! కృష్ణపట్నం ఉంది కానీ 2008లో ప్రారంభమైన పెద్ద ఓడరేవు లేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట ఉంది కానీ రాకెట్ కేంద్రం ఇంకా రాలేదు. కళ్లని కట్టిపడేసింది మాత్రం సముద్రం పక్కనే సాగిపోయే ఓ నీలిగీత. అదే బకింగ్‌హామ్ కాలువ.

1806లో మద్రాసు దగ్గర మొదలైన ఈ కాలువ పనులు 1877-78 కరవులో కూలీలకు పని కల్పించడానికి ముమ్మరమయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి స్థిరపడింది. ఉప్పు, బియ్యం, కట్టెలు... అన్నీ పడవల్లోనే వెళ్లేవి.

మైపాడుకి ముందు కాలువ వంతెన మీద ఆగాం. మ్యాపులో నిండుగా కనిపించిన గీత ఇక్కడ పూడికతో చిక్కిపోయింది. మా చేతిలోని కాగితాన్ని చూసి ఓ పెద్దాయన దగ్గరకొచ్చారు. వేలితో ఆ గీతని తడుముతూ, 'ఈడనే పడవెక్కి మదరాసుకు పొయ్యేవాళ్లం నాయనా' అన్నారు.

ఇంటికొచ్చాక ఇస్రో వారి 'భువన్'లో ఉపగ్రహ చిత్రం తెరిచాం. నీలిగీతకు ఇరుపక్కలా గళ్లచీర పరిచినట్టు చెరువులు... 1990ల నుంచి విస్తరించిన రొయ్యల సాగు అది. మ్యాపు ఊరి పేరు చెబుతుంది, ఫొటో అక్కడ ఏముందో చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెడితేనే ఏం మారిందో తెలుస్తుంది.

ఆ మార్పు తెలియడం ఎందుకంటే... 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్రతీరంలో చాలాచోట్ల ఎగసిన నీటిని ఈ కాలువే తనలోకి తీసుకుని ప్రాణాలు కాపాడిందని 2005లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఓ పరిశోధన వచ్చింది. తీరానికి ఒకట్రెండు కిలోమీటర్ల లోపల, దానికి సమాంతరంగా ఉండటమే అందుకు కారణం. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. పడవలు తిరిగినా తిరక్కపోయినా కాలువ పూడిపోకుండా ఉంటే, అలకీ ఊరికీ మధ్య ఓ అడ్డు ఉన్నట్టే.

ఈసారి మైపాడు వెళ్తే నేరుగా అలల దగ్గరకి పరిగెత్తకండి. వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. పిల్లలకి ఆ కాలువని చూపించండి.

ఎలా వెళ్లాలి: నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. బస్సులూ ఆటోలూ ఉంటాయి. మ్యాపుని ఇంటి దగ్గరే ప్రింటు తీసుకోండి. పొలం హద్దులు తేల్చుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు, దానికి గ్రామ నక్షాలే ఆధారం.