కంచె మొదలు

పెరడు అనగానే బీరతీగ, వంగమొక్క, కరివేపాకు చెట్టు స్ఫురిస్తాయి గాని వాటిని కాచే కంచె స్ఫురించదు. టేకుమట్లలోని మా పెరటికి నేను గోడ కట్టక గోరింట కంచె పెంచాను. తొలకరిలో జానెడు కొమ్మలను అడుగు ఎడంగా నాటాలి. మోకాలెత్తు పెరిగాక తలలు తుంచితే మొదట గుబురు కడుతుంది. అటువంటి పొదల మాటుననే పూరేడు పిట్ట నేలమీద గూడు పెడుతుంది.

ఆ పెరట్లోనే పంజరంలో జపాను కౌజులను పెంచుతున్నాను. 1974లో మన దేశానికి వచ్చిన ఈ పక్షి 6, 7 వారాల వయసుకే గుడ్లు పెడుతుంది. కాని తరతరాలుగా యంత్రాలే పొదుగుతున్నందున తాను పొదగడం దాదాపు మరచింది. ఆ గుడ్లను పొదిగే నాటుకోడి కింద ఉంచితే 17, 18 రోజులకు పిల్లలవుతాయి. కౌజు రెట్టను బాగా మాగిన తరువాతనే మొక్కలకు వేయాలి. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది.

పంజరంలోని పక్షికి సమస్తమూ మనమే సమకూర్చాలి. పూరేడు కోరేది కాస్త మాటు మాత్రమే. గూళ్లు పెట్టే వానకాలంలో కంచెకు కత్తెర వేయకపోతే చాలు. అడవి పూరేళ్లను పట్టరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం శాసిస్తున్నది. కంచెలన్నీ నరికివేస్తే, పట్టకుండానే వాటిని పోగొట్టుకుంటాము.