మా యింటి రూటర్లు

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లలు నేడు పలువురు కలరు. మా కుమారుడును అట్టివాడే. వాడు నేర్వగోరిన నెట్‌వర్కు విద్యకు రూటరు ప్రధానమైన యంత్రము. వచ్చిన ప్యాకెట్టును ఏ త్రోవను పంపవలెనో నిర్ణయించునది యిదియే. అట్టి యంత్రములను మూడు నాలుగు కొని ఇంట పెట్టుట మాబోటి వారికి శక్యము గాదు.

అయితే కొనకయే నేర్చు మార్గమొకటి కలదు. రూటరును నడపు సాఫ్ట్‌వేరును ఇమేజి రూపమున కంప్యూటరులో నెక్కించిన, యంత్రము లేకయే రూటరు నడచును. 2005లో వెలువడిన డైనమిప్స్, 2008లో వెలువడిన జీఎన్ఎస్3 ఈ పనిని ఇంటింటికి సులభము చేసినవి. పెద్ద కంపెనీల ఇమేజీలకు లైసెన్సు వలయును. కొన్నింటికి ఒక్కొక్కదానికే 4 జీబీ మెమొరీ కావలయును. 2017లో క్వాగా నుండి వేరుపడిన ఎఫ్‌ఆర్‌ఆర్ అట్లు గాదు. అది ఉచితము, తేలిక. 8 జీబీ గల మా పాత కంప్యూటరుపై అట్టివి మూడు సునాయాసముగా నడచుచున్నవి.

ఆ మూడింటికిని మాకు తెలిసిన యూళ్ల పేర్లే పెట్టితిమి: తిరువళ్లూరు, అరక్కోణము, తిరుత్తణి. రైలు అరక్కోణము మీదుగా పోవును. రోడ్డు కనకమ్మసత్రము మీదుగా నేరుగా పోవును. ఓఎస్‌పీఎఫ్ అను పద్ధతిలో ఒక్కొక్క లంకెకు ఒక ఖరీదు నిర్ణయింతురు. రైలు లంకెలు రెంటికిని పదేసి, రోడ్డు లంకెకు 30 వ్రాసితిమి. తక్కువ ఖరీదు నెంచుకొని ప్యాకెట్లన్నియు అరక్కోణము మీదుగా పోయినవి.

పిమ్మట అరక్కోణము, తిరుత్తణుల నడుమ తీగెను తెంపక, అందు పోవు ప్యాకెట్లన్నియు రాలిపోవునట్లు వడపోత పెట్టితిమి. కొంతసేపు ప్యాకెట్లు చేరలేదు. అనంతరము అవి తమంత కనకమ్మసత్రపు త్రోవను పట్టినవి. ప్రక్కన కూర్చున్న మా తల్లిగారు, "తీగ ఉన్నట్టే ఉందే, దోవ పోయిందని దానికెట్ల తెలిసిందిరా?" అని మనుమని నడిగిరి. తెలుగున చెప్పుటకు వాడు కాసేపు తడుముకొనెను.

"పక్క రూటరు 10 సెకండ్లకొకసారి పలకరిస్తా ఉంటుంది అవ్వా. 40 సెకండ్లు పలుకు లేకపోతే ఇంక లేదని లెక్క" అనెను. పుస్తకములో 'హలో' అని చదివినదానికి 'పలకరింపు' అను మాట వాని కప్పుడు దొరకినది.

ఆ మాట మమ్ము చాల యాలోచింపజేసినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. 2006 నాటి చట్టముతో పాఠశాలలలో తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము మన ఇరుగుపొరుగుల భాష; దానిని నేర్చుట మంచిదే. కాని తెలుగును నిలుపు భారము ఇంటిపై మరింత పడినది. నగరిలో బంధువులున్నారు, ఇంట తెలుగు పుస్తకములున్నవి, తీగె తెగలేదని మనము ధైర్యముగా నున్నాము. తీగె యున్నంత మాత్రమున చాలదు. పలకరింపు లేని లంకెను యంత్రము సైతము లేనిదానిగానే యెంచుచున్నది.

కావున మన పిల్లలు ఇంగ్లీషున నేర్చిన విద్యను దినమున కొక్క పర్యాయమైన పెద్దలకు తెలుగున చెప్పవలెను. పెద్దలు ఓపికతో ప్రశ్నింపవలెను. వడపోత తీసివేసిన కొద్దిసేపటికే మా ప్యాకెట్లు మరల అరక్కోణపు త్రోవను పట్టినవి. మౌనము వలన పోయిన త్రోవ పలకరింపుతో మరల దొరకును.