ఉడకబెట్టని లసాన్యా

ముందుగా ఉడకబెట్టనక్కర్లేని లసాన్యా షీట్లు వాడితే అది బద్ధకపు వంట అని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. నీళ్లలో ముందే ఉడికించినా, ఓవెన్‌లో సాస్ మధ్య ఉడకనిచ్చినా షీటు పీల్చుకునేది నీటినే. రెండో పద్ధతిలో ఆ నీటితో పాటు టమాటా పులుపూ, ఉప్పూ లోపలికి పోతాయి. అందుకే సాస్ మామూలు కంటే పల్చగా ఉండాలి, అంచులతో సహా ప్రతి షీటూ అందులో మునగాలి. పైన ఫాయిల్ బిగించి 190 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట పైనే ఉంచి, తర్వాత ఫాయిల్ తీసి చీజ్‌ను ఎర్రబడనివ్వాలి. బయటికి తీశాక పావుగంట ఆగకుండా కోస్తే పొరలు జారిపోతాయి (ఆకలి మీదున్నవాళ్లకి ఈ మాట ఎక్కదు, తెలుసు).

ఇటలీలోని బొలోన్యాలో అలా చేయరుగా అంటారు. నిజమే, అక్కడి సంప్రదాయం గుడ్లు, పాలకూర కలిపి ఒత్తిన పచ్చటి తాజా పాస్తా. దాన్ని కాసేపు ఉడికించి మాంసపు రాగూ, బెషమెల్ సాస్‌లతో పొరలు పేరుస్తారు. ఆ ఓపిక ఉంటే దానికి సాటి లేదు. కానీ ఇక్కడ పోటీ ఎండు షీట్ల మధ్యే. మరిగే నీళ్లలో ఒకదానికొకటి అతుక్కుని చిరిగే షీట్లతో అదనంగా వచ్చే రుచేమీ లేదు. ఉడకబెట్టని షీట్లు గట్టిగా మిగిలిపోతాయన్న ఫిర్యాదు చాలావరకు సాస్‌లో తడి తక్కువైనప్పటిదే. ఈసారి అరకప్పు నీళ్లు ఎక్కువ పోసి చూడండి.