చక్రాల ఇంటిలో చల్లని పెట్టె

అమెరికా దేశంలో వేసవి సెలవులు వచ్చాయంటే రహదారులపై ఒక విచిత్రమైన బండి తరచుగా కనబడుతుంది. చూడటానికి బస్సులాగే ఉంటుంది గాని, లోపల పడకలు, వంటగట్టు, గ్యాసు పొయ్యి, స్నానపు గది, నీళ్ళ ట్యాంకు అన్నీ అమర్చి ఉంటాయి. దానిని మోటార్‌హోమ్ అంటారు. కుటుంబమంతా అందులోనే వండుకొని, అందులోనే పడుకొని వేల కిలోమీటర్లు తిరిగి వస్తారు. ఉజ్జీవ సభలకు గూడుబండి కట్టుకొని, బియ్యం మూటా వంట సామానూ వేసుకొని వెళ్ళిన మన పెద్దలకు ఈ సంగతి అంత వింతగా తోచదేమో!

అటువంటి బండిలో 2023 జూన్ నెలలో మా అమ్మాయి, అల్లుడు, మనుమరాలితో కలిసి టెక్సస్ రాష్ట్రంలోని డల్లాస్ నుండి అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ వరకు వెళ్ళివచ్చే భాగ్యం దేవుడు మాకు దయచేశాడు. వెళ్ళేదారి సుమారు 1,700 కిలోమీటర్లు. ఆ మహా లోయ అందాన్ని గూర్చి ఎందరో వ్రాశారు. మేము మాత్రం ఆ ప్రయాణానికి ముందు మా అందరినీ ఎక్కువగా ఆలోచింపజేసిన వస్తువును గూర్చి వ్రాస్తున్నాము. అది ఆ బండిలోని ఫ్రిజ్.

ఫ్రిజ్‌ను గూర్చి అంత ఆలోచన ఎందుకంటే, మాతోకూడ మా వియ్యపురాలు ఉన్నారు. ఆమె చాలాకాలంగా చక్కెర వ్యాధికి ఇన్సులిను తీసుకొంటున్నారు. తెరవని ఇన్సులిను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకట్టితే అది ఇక పనికిరాదు. కరిగిన తరువాత కూడా వాడకూడదు. వాడుకలో ఉన్న సీసా లేక పెన్ను మాత్రం చాలా రకాలలో దాదాపు 28 రోజులు బయట ఉండవచ్చు గాని, వేడి 30 డిగ్రీలు దాటకూడదు. జూన్ నెలలో డల్లాస్ ఎండ 38, 40 డిగ్రీలకు పోతుంది. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండిలోనైతే 50 డిగ్రీలు కూడా దాటవచ్చు.

ఈ సంగతులన్నీ ఆమెకు మాకంటె బాగా తెలుసు. అందుకే, "అన్నయ్యగారూ, వదినగారూ, నా మందు కోసం మీరంతా అవస్థపడటం ఎందుకండీ? మీరు వెళ్ళిరండి. నేను ఇంటి దగ్గర ఉండి ప్రార్థన చేసుకొంటాను" అన్నారు. ఆ మాట మాకు మనస్కరించలేదు. "ముందు ఆమె మందుకు తగిన ఫ్రిజ్ చూద్దాం, ఆ ఫ్రిజ్ ఉన్న బండినే అద్దెకు తీసుకుందాం" అని అందరం ఒక మాట అనుకొన్నాము. డల్లాస్ చుట్టుపక్కల మూడు బండ్లు చూశాము. మూడింటిలో మూడు రకాల ఫ్రిజ్‌లు ఉన్నాయి.

మొదటి బండిలో ఉన్నది గ్యాసుతో పనిచేసే ఫ్రిజ్. మంటతో చల్లదనం ఎలా వస్తుందని మాకు ఆశ్చర్యం కలిగింది. మా అల్లుడు విడమరచి చెప్పాడు. దాని గొట్టాలలో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ వాయువు బంధించి ఉంటాయి. క్రింద చిన్న మంట పెడితే నీటిలో కరిగి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. అక్కడ చల్లబడి ద్రవమవుతుంది. తరువాత హైడ్రోజన్‌తో కలిసినప్పుడు మళ్ళీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాగుకొంటుంది. చివరకు నీటిలో కలిసి క్రిందికి దిగుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. ఈ విధానాన్ని 1922లో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థులు కనిపెట్టారు. కరెంటు లేని రోజులలో మిషను ఆసుపత్రులలో టీకా మందులు దాచిన కిరోసిను ఫ్రిజ్‌లు మన పెద్దలలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. ఇదీ అవీ ఒకే జాతివి.

ఈ రకం ఫ్రిజ్‌కు ఒక గొప్ప మేలున్నది. కరెంటు అందని అడవిలో కూడా ఒక గ్యాసు సిలిండరుతో చాలా రోజులు నడుస్తుంది. అయితే దానితో జాగ్రత్తలు కూడా ఉన్నాయి. లోపలి ద్రవం దానంతటదే క్రిందికి జారవలసి ఉన్నది గనుక, బండిని నిలిపినప్పుడు నేల సమంగా ఉండాలి. ఏటవాలుగా ఎక్కువసేపు ఉంచి నడిపితే ద్రవం ఒకచోట నిలిచిపోతుంది. మంట మాత్రం ఖాళీ గొట్టాన్ని కాలుస్తూనే ఉంటుంది. అలా పదే పదే జరిగితే గొట్టం పాడై అమ్మోనియా, హైడ్రోజన్ బయటికి వస్తాయి. హైడ్రోజన్ మండే వాయువు. అమెరికాలో ఇటువంటి ఫ్రిజ్‌ల వలన అగ్నిప్రమాదాలు జరిగే అవకాశం ఉన్నదని 2006లోను, 2010లోను తయారీదారులు పెద్ద సంఖ్యలో వాటిని సరిచేయడానికి వెనక్కి పిలిపించారు. అందుచేత పాత బండి తీసుకొనేవారు ఫ్రిజ్ మోడలు నంబరు, సీరియలు నంబరు చూసి, అటువంటి పిలుపు ఉన్నదా, ఉంటే ఆ మరమ్మతు జరిగిందా అని విచారించాలి. ఆ విచారణకు డబ్బు ఖర్చు లేదు.

ఇంకొక సంగతి. ఎత్తయిన ప్రదేశాలలో గాలి పలుచబడి మంట సరిగా మండదు. సముద్ర మట్టానికి 5,500 అడుగులు దాటితే గ్యాసు కంటె కరెంటుతో నడపడం మంచిదని ఈ ఫ్రిజ్‌లతో వచ్చే పుస్తకాలలోనే వ్రాసి ఉంటుంది. మేము వెళ్ళవలసిన గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్నది! పైగా ఆ బండి వెలుపలి వైపు ఫ్రిజ్ వెనుక తలుపు తీసి చూడగా గొట్టం మీద పసుపుపచ్చని పొడి కనబడింది. గొట్టం తుప్పు పట్టకుండా లోపల వేసే మందు అలా బయటికి కారినట్లయితే గొట్టంలో చిల్లు పడినట్టే. ఘాటైన అమ్మోనియా వాసన కూడా అదే సంగతి చెబుతుంది. ఆ బండి వద్దనుకొన్నాము.

రెండవ బండిలో ఇంటిలో వాడేటంత పెద్ద ఫ్రిజ్ ఉన్నది. మా అమ్మాయికి, మనుమరాలికి అది ఎంతో నచ్చింది. ఐస్‌క్రీము డబ్బాలు నాలుగైనా పడతాయి! అయితే అది ఇంటి కరెంటుతోనే నడుస్తుంది. దారిలో ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటును ఇన్వర్టరు ద్వారా మార్చి ఇవ్వాలి. ప్రతి రాత్రీ కరెంటు కనెక్షను దొరికే చోట ఆగేవారికి అది చక్కగా సరిపోతుంది. మేము దిగబోయే మాథర్ క్యాంపు స్థలంలో బండ్లకు కరెంటు కనెక్షను లేదు. జనరేటరు కూడా ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మాత్రమే వేయనిస్తారు. ఆ పెద్ద ఫ్రిజ్‌కు ఆ బండిలోని బ్యాటరీలు మూడు రాత్రులు చాలవని లెక్కలో తేలింది.

మూడవ బండిలో ఉన్నది చిన్న ఫ్రిజ్, 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా నడిచే కంప్రెసరు రకం. మన ఇళ్ళలోని ఫ్రిజ్ పనిచేసే తీరే దీనిది కూడా. దీనికి మంట లేదు. ఎత్తు, ఏటవాలు దీనిని అంతగా బాధించవు. గ్యాసు ఫ్రిజ్ చల్లబడటానికి ఒక రాత్రంతా పడితే ఇది కొన్ని గంటలలోనే చల్లబడుతుంది. దీని లోపం బ్యాటరీయే. ఇటువంటిది ఎండను బట్టి రోజుకు 40 నుండి 60 ఆంపియర్-అవర్ల కరెంటు తీసుకొంటుంది. ఆ బండిలో 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలు రెండు, పైకప్పు మీద సోలారు పలకలు ఉన్నాయి. బండి నడుస్తున్నంతసేపు ఇంజను కూడా బ్యాటరీలను నింపుతుంది. మా ప్రయాణానికి ఇదే తగినదని నిశ్చయించుకొన్నాము. మనుమరాలు కొంచెం మూతి ముడిచింది గాని, "నానమ్మ మందు కోసం" అనగానే సరేనన్నది.

బయలుదేరే ముందు రోజే ఫ్రిజ్ వేసి, నడిమి అరలో ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, అందులో థర్మామీటరు ఉంచాము. తెల్లవారి చూస్తే 38 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 3 డిగ్రీల సెల్సియస్ పైన చూపింది. ఆహారం పాడవకుండా ఉండాలంటే 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు లోపల ఉండాలని ఆ దేశంలో నియమం. అది ఇన్సులినుకు కూడా సరిపోతుంది. ఇన్సులిను డబ్బాను ఐసు గడ్డకట్టే అరకు దూరంగా నడిమి అరలో పెట్టి, సగం మందును వేరుగా ఒక చల్లని సంచిలో ఉంచాము. ఐసు మందుకు తగలకుండా మధ్యలో తువాలు చుట్టాము. ఒకటి పాడైనా రెండవది ఉంటుందని వదినగారే చెప్పిన ఉపాయమిది.

వంట గ్యాసు విషయంలో మన ఇళ్ళలోని జాగ్రత్తలే అక్కడా అవసరమని గ్రహించాము. ఆ బండ్లలో వాడే ప్రొపేన్ కూడా మన సిలిండరు గ్యాసువలె గాలికంటె బరువైనది. కారితే నేల మీద పరుచుకొంటుంది. అందుకే దానిని పసిగట్టే అలారం క్రిందుగా అమర్చి ఉంటుంది. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వేరొక అలారం, పొగకు ఇంకొకటి, ఒక అగ్నిమాపక సిలిండరు ఉండాలి. మీటలు నొక్కి అన్నీ మ్రోగుతున్నాయని చూసుకొన్నాము. పెట్రోలు బంకులోకి పోకముందే గ్యాసు సిలిండరు కట్టివేయడం మా అల్లుడు ఒక్కసారి కూడా మరువలేదు.

ప్రార్థన చేసుకొని బయలుదేరి, విచిటా ఫాల్స్ మీదుగా మొదటి రాత్రికి అమరిల్లో చేరాము. కనుచూపుమేర చదునైన నేల, పశువుల మందలు, గాలిమరలు. రెండవ రాత్రి న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ. అక్కడినుండి ఎర్రని కొండలు, రాయిగా మారిన ప్రాచీన వృక్షాలు ఉన్న ఎడారి దాటి ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు. రోజుకు మూడుసార్లు మా మనుమరాలు ఫ్రిజ్ డిగ్రీలు చూసి నోటుబుక్కులో వ్రాసేది. ఆల్బకర్కీలో కొత్తగా కొన్న పాలు, పండ్లు సర్దినప్పుడు ఒక్కసారి 44కు పోయి, రాత్రి భోజనం వేళకు తిరిగి 39కి వచ్చింది.

నాలుగవ రోజు గ్రాండ్ కాన్యన్ చేరాము. 446 కిలోమీటర్ల పొడవు, దాదాపు 1.6 కిలోమీటర్ల లోతుగల లోయ అది. అడుగున కొలరాడో నది సన్నని దారంలా కనబడుతుంది. క్యాంపు స్థలంలో దేవదారు జాతి చెట్ల నీడ చల్లగా ఉన్నది గాని, ఆ నీడలో సోలారు పలకలకు ఎండ తగలలేదు. రెండవ సాయంత్రానికి బ్యాటరీలో 35 శాతమే మిగిలింది. వదినగారి ముఖం చిన్నబోయింది. జనరేటరుకు అనుమతించిన వేళ కాగానే దానిని వేసి, మరునాడు ఉదయం బండిని ఎండలోకి కొంచెం జరిపాము. ఆ రాత్రి కూడా థర్మామీటరు 40 దాటలేదు. తెల్లవారి ఆమె మాతో లోయ అంచున నిలబడి ఎర్రబడుతున్న రాళ్ళను చూస్తూ, "నేను రాననుకున్నాను కదండీ" అని మాత్రం అన్నారు. ఆ ఉదయం మా కుటుంబ ప్రార్థన ఆమే నడిపించారు.

ప్రియ పాఠకులారా, మీలో చాలామందికి మోటార్‌హోమ్‌తో పని ఉండకపోవచ్చు. కాని ఫ్రిజ్ కొనవలసినవారు, మందులు దాచవలసినవారు, ముసలివారితో ప్రయాణం చేయవలసినవారు ప్రతి సంఘంలోను ఉన్నారు. ఏ ఫ్రిజ్ అయినా దాని పెద్దతనాన్ని గాక, మన కరెంటునూ మన అవసరాన్నీ చూసి తీసుకోవాలి. లోపల ఒక థర్మామీటరు ఉంచాలి. ఇన్సులినును ఐసు అరలో ఎన్నడూ పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంటిలో వాడుకలో ఉన్న ఇన్సులినును, నీరు తగలకుండా డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో ఉంచిన మట్టికుండలో నీడపట్టున దాచడం మన పల్లెలలో ఉన్న అలవాటే. దానిని గూర్చి మీ డాక్టరుగారిని అడగండి.

యాకోబు తన సహోదరుని కలిసికొన్న తరువాత అతనితో కలిసి వేగంగా పోవడానికి ఒప్పుకోలేదు. పిల్లలు పసివారనీ, మందలో పాలిచ్చే పశువులు ఉన్నాయనీ చెప్పి, వాటి నడకకు తగినట్లుగా మెల్లగా వస్తానన్నాడు. కుటుంబంగా ప్రయాణం చేసేవారికి అంతకంటె మంచి మాదిరి మాకు తోచదు. మనలో బలహీనులు ఎవరో వారి అవసరాన్ని మొదట లెక్కలోనికి తీసుకొంటే, ఎవరినీ ఇంటి దగ్గర విడిచిపెట్టనక్కర లేదు. ఆ లెక్క ఒక్కొక్కసారి ఫ్రిజ్ దగ్గర మొదలవుతుంది.