ఉప్పునీటి గాజుతొట్టి



మా తాతగారియొద్ద భాగవతము చదువుకొనిన దినములలో మత్స్యావతారకథ నాకు మిక్కిలి ప్రియమైనది. సత్యవ్రతుడను రాజు తన దోసిటిలోనికి వచ్చిన చిన్నచేపను కమండలువునం దుంచెను. అది చాలకపోగా పెద్దపాత్రలోనికి, పిమ్మట కొలనులోనికి, తుదకు సముద్రమునకును గొనిపోయెను. చేత జిక్కిన ప్రాణికి దగిన చోటు చూపువఱకు నా రాజు విశ్రమింపలేదు. ఆ కథ నెన్నిమాఱులు చదివియు నేను గ్రహింపని ధర్మమును మా యింటి గాజుతొట్టి నాకు బోధించినది.

మేము విశాఖపట్టణమున నుందుము. మావారు పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించు నుపాధ్యాయులు. మా పదేండ్ల అమ్మాయి సముద్రతీరమందలి మత్స్యదర్శినిని జూచివచ్చినది మొదలు, ఇంటను సముద్రపుచేపలను బెంచవలెనని పట్టుబట్టెను. మావారు నూఱు లీటర్ల తొట్టిని దెచ్చి, అడుగున నిసుకయు రాళ్లును బేర్చి, లీటరునకు సుమారు 35 గ్రాముల వంతున ప్రత్యేకపు టుప్పును శుద్ధజలమున గరగించి నింపిరి. ఆ యుప్పులో సముద్రజలమందలి సున్నము, మెగ్నీషియము మొదలగునవి యన్నియు నుండును. వంటయింటి యుప్పు పనికిరాదు.

మూడవనాటికి నీరు స్ఫటికమువలె తేటపడెను. నెల దినములైన వేచియుండవలెనని మావారు చెప్పుచునే యుండిరి. కాని అమ్మాయి పుట్టినరోజు సమీపించెను. "ఇంత శుభ్రమైన నీటిలో చేపలకేమి భయము?" అని అంగడివాడు పలికెను, నేనును బలికితిని. మావారు ఊరికేగిన దినమున మూడు చేపలను గొనివచ్చి విడిచితిని. ఐదవనాడు అవి నీటి పైభాగమునకు వచ్చి రొప్పసాగెను. మఱునాటి యుదయమునకు మూడును మరణించెను. అమ్మాయి యేడ్వలేదు. "అమ్మా! నీళ్లు శుభ్రముగా నున్నవని నీవే చెప్పితివి గదా!" అని మాత్ర మడిగెను. ఆ మాట నేటికిని నా చెవుల నున్నది.

మావారు వచ్చి నన్ను నిందింపలేదు. చిన్న గాజుగొట్టములో తొట్టినీరు పోసి పరీక్షాద్రవము చుక్కలు వేసిరి. పసుపువన్నె నుండవలసిన నీరు ముదురాకుపచ్చగా మాఱెను. అది అమ్మోనియా యనిరి. చేపల మొప్పలనుండియు, మిగిలి క్రుళ్లిన మేతనుండియు నది పుట్టును. కంటికి గానరాదు, మొప్పలను మాత్రము చెఱచును. ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, వేఱొకజాతి యా నైట్రైటును చాలవఱకు నిరపాయమైన నైట్రేటుగాను మార్చును. ఇట్టి జీవులను వినోగ్రాడ్‌స్కీ యను శాస్త్రజ్ఞుడు 1890లో వేఱుచేసి చూపెను. ఇవి ముఖ్యముగా ఱాళ్లను, ఇసుకను అంటిపెట్టుకొని పెరుగును. క్రొత్తతొట్టిలో నవి చాలినన్ని యుండవు. పాలను కాచి యెంత శుభ్రముగా నుంచినను, తోడు వేయక, వేళ నీయక పెరుగు తోడుకొనదు గదా!

ఈమాఱు ఒక మిత్రుని పాత తొట్టినుండి రెండు రాళ్లను తోడుగా దెచ్చితిమి. చేపలకు బదులు, శుద్ధమైన నవాసారమును కొలిచి, లీటరునకు రెండు మిల్లీగ్రాముల యమ్మోనియా యగునట్లు కలిపితిమి. కళాయి వేయువారు వాడునది యీ పదార్థమే. ప్రతిదినపు వన్నెలను అమ్మాయి యొక పుస్తకమున వ్రాసెను. పండ్రెండవనాటికి అమ్మోనియా తగ్గజొచ్చెను. నైట్రైటు గొట్టము ఊదావన్నె కెక్కెను. ఉప్పునీట నైట్రైటు అంతగా చంపదట; కాని యది మిగిలియున్నంతవఱకు రెండవజాతి జీవులు చాలినన్ని రాలేదని తెలియవలెను.

నాలుగవవారమున గాజుపై గోధుమవన్నె పొర పట్టెను. "ఇదేమి మురికి? తోమి పారవేయరాదా?" అని మా అత్తగారనిరి. అది డయాటము లను సూక్ష్మసస్యముల పొర. క్రొత్తతొట్టులలో దఱచుగా వచ్చి పోవునది. తేటగా నున్ననాడు ఆ తొట్టి విషపాత్ర; మురికిగా దోచిననాడు అది పక్వమగుచుండెను. నా కన్నులు రెండుమాఱులును నన్ను మోసగించినవి.

ముప్పదియెనిమిదవనాడు సాయంకాలము మరల అంతే కొలతతో నవాసారము వేసితిమి. మఱునాటి సాయంకాలమునకు అమ్మోనియాయు లేదు, నైట్రైటును లేదు. నైట్రేటు మాత్రము కనబడెను. ఇదియే తొట్టి సిద్ధమైనదనుటకు గుఱుతు. ఇచ్చిన విషము నొక దినములో జీర్ణించుకొనగలిగిన నీటికే ప్రాణిని నప్పగింపవచ్చును. నైట్రేటు తగ్గుటకై సగము నీటిని మార్చి, ఉప్పుపాలును, 26 డిగ్రీల వెచ్చదనమును సరిచూచి, రెండే క్లౌన్ చేపలను దెచ్చితిమి. సూక్ష్మజీవులు తమకు దొరకు నాహారమునకు దగినట్లే పెరుగును గనుక, ఒక్కసారిగా పెక్కుచేపలను విడువరాదు.

పూర్వము 1846లో ఆన్నా థిన్ అను నాంగ్లేయవనిత పగడపుజాతి జీవములను లండనునందలి తన యింటికి దెచ్చి పోషించెను. నీటికి గాలి సోకుటకై ఆమె యింటి పరిచారిక ప్రతిదినము కిటికీయొద్ద నా నీటిని పాత్రనుండి పాత్రకు వంచుచుండెడిది. నేడు ఆ పనిని మా యింట నొక చిన్న యంత్రము చేయుచున్నది. కాని వేచియుండుట యనుపనిని మాత్రము ఏ యంత్రమును మనకు బదులుగా చేయజాలదు.

పుట్టినరోజు ఎప్పుడో కడచిపోయినది. చేపలను విడుచు దినమున అమ్మాయి తానే గొట్టమున చుక్కలు వేసి, వెలుతురునకు పట్టి చూచెను. పసుపువన్నె! "అమ్మా! నీళ్లు శుభ్రముగా నున్నవని ఇప్పుడు చెప్పుము" అనెను.

చెప్పితిని.