మూడో కొవ్వొత్తి

డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లలో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, ఎమ్మెల్యేగారు వచ్చి కేకు కోసేది మరొకటి. అసలు 25వ తేదీ వచ్చేసరికి బాలయేసు పుట్టి పుట్టి అలసిపోయి ఉంటాడనిపిస్తుంది. నాకు కేకు మీద కోపమేమీ లేదు. ఈ సందడిలో పడి, ఆ వారాల్లో గుళ్లో చదివే పఠనాలను ఎవరూ సరిగ్గా వినరే అన్నదే నా దిగులు.

నవంబరు 30న వచ్చే అంద్రెయ పండగకు దగ్గరలో ఉన్న ఆదివారంతో, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదలవుతుంది. మొత్తం నాలుగు ఆదివారాలు. ఫాదర్‌గారు ఊదారంగు వస్త్రాల్లోకి మారతారు. గ్లోరియా పాడరు. రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో తయారైన పఠనాల పట్టిక మూడేళ్లకోసారి తిరిగి వస్తుంది: ఒక ఏడు మత్తయి, మరో ఏడు మార్కు, ఆపై లూకా. ఆ పట్టిక కూర్చినవాళ్లు కథను ముందు నుంచి చెప్పలేదు, చివరి నుంచి చెప్పారు. మొదటి ఆదివారం బేత్లెహేము ఊసే ఉండదు. మత్తయి ఏట అయితే, నోవహు కాలంలో జనం తింటూ, తాగుతూ, పెళ్లిళ్లు చేసుకుంటూ ఉండగానే వరద ముంచుకొచ్చిందని చదువుతారు. దొంగ ఏ జామున వస్తాడో ఇంటాయనకు తెలియదని చదువుతారు. పూజ అవగానే గుమ్మానికి కట్టే నక్షత్రం కొనడానికి బజారుకు పోదామనుకున్న మనిషికి ఇవేం మాటలు? ఆ ఏటి రెండో ఆదివారం ఇంకా గట్టిది. ఒంటె రోమాల బట్ట కట్టి, మిడతలు తినే యోహాను ఎడారిలో నిలబడి, తన దగ్గరికి వచ్చిన పెద్దమనుషులనే పాముల సంతానమని తిడతాడు.

మూడో ఆదివారం సంతోష ఆదివారం. ఆదివారానికొకటిగా చక్రం మీద వెలిగించే కొవ్వొత్తుల్లో మిగతావి ఊదా అయితే ఆ వారంది గులాబీ రంగుది. ఈ కొవ్వొత్తుల చక్రం మన దగ్గర పుట్టింది కాదు. 1839లో హాంబర్గులో యోహాన్ విషెర్న్ అనే పాస్టరు అనాథ పిల్లల్ని సాకుతుండేవాడు. పండగ ఎప్పుడు, ఎప్పుడని వాళ్లు ప్రాణం తీస్తుంటే, ఓ బండి చక్రం మీద ఆదివారాలకు పెద్దవి, మామూలు రోజులకు చిన్నవి కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి చొప్పున వెలిగించాడు. మధ్యాహ్నం దాటగానే చీకటి పడే దేశం అది. మనకేమో అదే నెలలో కోతలు, ధనుర్మాసం, తెల్లవారకముందే పక్క వీధిలోంచి తిరుప్పావై. అయినా ఆ చక్రం ఇక్కడ బాగానే కుదురుకుంది.

మత్తయి ఏట ఆ సంతోష ఆదివారంనాడు చదివేది జైలు కథ. వారం కిందట ఎడారి దద్దరిల్లేలా అరిచిన యోహాను ఇప్పుడు హేరోదు చెరలో ఉన్నాడు. మృతసముద్రానికి తూర్పున ఉన్న మకేరస్ కోటలో అని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అక్కణ్నించి శిష్యులతో కబురు పంపుతాడు. రావలసినవాడివి నువ్వేనా, లేక మేం ఇంకొకరి కోసం చూడాలా అని. యేసును జనానికి చూపించినవాడే యోహాను. మండి వెలిగే దీపమని యేసే అతన్ని మెచ్చుకున్నట్టు మరో సువార్తలో ఉంది. ఆ దీపమే చీకట్లో కూర్చుని అనుమానపడుతోంది. ఈ భాగాన్ని దాచకుండా చదివిస్తున్నందుకే నాకు ఆ పట్టిక మీద గౌరవం.

ప్రశ్న సూటిగా ఉంది, జవాబు సూటిగా లేదు. అవును నేనేనని యేసు అనడు. మీరు చూసింది, విన్నది వెళ్లి చెప్పండి అంటాడు: గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, పేదలకు మంచి కబురు అందుతోంది. ఇవి యెషయా మాటలే. అదే పూజలో మొదటి పఠనంగా యెషయా 35వ అధ్యాయం అప్పటికే చదివేసి ఉంటారు. వింటున్నవాడు కాస్త మెలకువగా ఉంటే ఒళ్లు జలదరిస్తుంది. ఖైదీకి దొరికింది తాళంచెవి కాదు, చిన్నప్పటి నుంచి తాను ఎరిగిన లేఖనమే. అదే యెషయా, చెరలో ఉన్నవాళ్లకు విడుదల అని కూడా మరోచోట రాశాడు. యేసు పంపిన జవాబులో ఆ ఒక్క మాట లేదు. యోహాను దాన్ని గమనించే ఉంటాడు.

వాక్యం పాదాలకు దీపమన్న 119వ కీర్తన మాటను మనవాళ్లు గోడలకీ, పెళ్లి శుభలేఖలకీ, ఆటోల వెనకా ఎక్కించారు. ఆ కీర్తనకారుడికి తెలిసిన దీపం అరచేతిలో పట్టే మట్టి ప్రమిద. దాంతో మలుపు అవతల ఏముందో తెలియదు, వేయబోయే అడుగు మటుకు కనిపిస్తుంది. వాక్యమంటే ఫ్లడ్‌లైటన్నట్టు, ఫలానా వచనం చదివితే ఫలానా ఉద్యోగమన్నట్టు మాట్లాడే బోధకులు టీవీల నిండా ఉన్నారు. వాళ్లు ఈ మూడో ఆదివారం పఠనం మీద ప్రసంగిస్తే వినాలని నాకు ఆశ.

యోహానులాగే చెరలో పడ్డవాడు ఇంకొకాయన ఉన్నాడు. 1943 నవంబరులో, బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి డీట్రిష్ బోన్‌హోఫర్ తన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, జైలు గదిని ఆగమన కాలంతో పోల్చాడు. లోపల కూర్చుని ఎదురుచూడడం, ఏదో ఒక పని కల్పించుకోవడం, తలుపేమో బయటి నుంచి మాత్రమే తెరుచుకునేది. హిట్లర్‌ను ఎదిరించిన లూథరన్ పాస్టరు ఆయన. చెరలో రోజూ బైబిలు చదువుకున్నాడు. 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు.

మత్తయి ఏట నాలుగో ఆదివారం పఠనం యోసేపు కల మీదికి వెళ్లిపోతుంది. యోహాను సంగతి ఆ ఆగమన ఆదివారాల్లో మళ్లీ ఎత్తరు. హేరోదు పుట్టినరోజు విందులో అతని తలను పళ్లెంలో పెట్టి తెచ్చిన కథ మత్తయిలో 14వ అధ్యాయంలో ఉంది గాని, ఆదివారాల పట్టికలో అది లేదు. మామూలు రోజుల పూజలకు వెళ్లేవాళ్లే వింటారు. ఆ నాలుగు ఆదివారాలు మాత్రమే విన్నవాళ్ల లెక్కన యోహాను ఇంకా ఆ కొట్లోనే ఉన్నాడు, శిష్యులు జవాబు పట్టుకుని ఇంకా దారిలోనే ఉన్నారు.